సునంద ఒక్కతే చదివిన రాతలు

పటాన్‌చెరులో పాత బస్టాండు వెనక సందులో ఒక డీటీపీ సెంటర్ ఉండేది. అక్కడ పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, బయోడేటాలు కొట్టే సునందను ఎరగని వాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. పెళ్లివాళ్లు వచ్చి స్టూలు మీద సర్దుకుని కూర్చునేలోపే ఆమె పాత పత్రికలు తెరిచి, శ్లోకం ఒకదాంట్లోంచి, వినాయకుడి బొమ్మ ఇంకోదాంట్లోంచి ఎత్తి కొత్తదాంట్లో పెట్టేసి, "ఇగ పేర్లు చెప్పుండ్రి" అనేది. రాతను ఎత్తాలంటే కంట్రోల్ మీట నొక్కిపట్టి సి కొట్టాలి, దించాలంటే వి కొట్టాలి. పదమూడేళ్లు ఆమె తిన్న తిండి ఆ మీటలు పెట్టిందే. ఒకసారి తొందరలో పేరు మార్చడం మరిచిపోయి, రామచంద్రాపురం పిల్లను ఎవరో జహీరాబాద్ అబ్బాయికి కట్టబెట్టబోయింది కూడా. పెళ్లికూతురి మేనమామ వచ్చి చేసిన రచ్చ తలుచుకుని చాలా రోజులు నవ్వుకుంది. తన పనంటే ఆమెకు గర్వం. ఉండాల్సిందే మరి.

చిట్కుల్ నుంచి బాలరాజ్ బయోడేటా కొట్టించుకోవడానికి వచ్చింది అక్కడికే. ఐటీఐ చదివాడు, తండ్రి కూలికి పోయి చదివించాడు, రాయడానికి అంతకుమించి ఏమీ లేదు. ఆ ఒక్క పేజీలో తప్పులున్నాయంటూ నాలుగు రోజులు వరసగా వచ్చాడు. ఐదో రోజు సునంద, "తప్పు కాయిదంల లేదు, నీ దగ్గర్నే ఉన్నది. ఏందో సక్కగ జెప్పు," అంది. అతను చెప్పలేక తల్లి ఆగమ్మను పంపాడు. అలా వాళ్ల పెళ్లయింది. తమ పత్రిక కోసం మాత్రం సునంద పాతదాంట్లోంచి ఏదీ ఎత్తలేదు, ప్రతి అక్షరం కొత్తగా కొట్టింది.

బాలరాజ్ కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్ అయ్యాడు. రియాక్టరంటే మందు సరుకును ఉడికించే మూత కాగు, మనిషికి రెండింతల ఎత్తుంటుంది. పెళ్లి పత్రికలు ఫోన్లలోనే తయారయ్యే కాలం వచ్చి డీటీపీ సెంటర్ మూతపడ్డాక, అదే కంపెనీ ఆఫీసులో సునందకు టైపిస్టు పని దొరికింది. కూతురు మహిత తొమ్మిదో తరగతికి వచ్చింది. బాలరాజ్ ఆదివారాలు కల్లు తాగేవాడు. ఒక్కో వారం ఎక్కువే తాగి వాకిట్లో కూర్చుని పాటలు పాడేవాడు, మహిత సిగ్గుతో తలుపు వేసుకునేది. డ్యూటీ ఉన్న రోజు మాత్రం చుక్క ముట్టేవాడు కాదు. ఈ సంగతి సునందకు తెలుసు, ఆగమ్మకు తెలుసు. మిగతా వాళ్లందరికీ ఆదివారం బాలరాజే తెలుసు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మంగళవారం, మధ్యాహ్నం షిఫ్టులో, సాయంత్రం ఐదున్నరకు నాలుగో నంబరు రియాక్టర్ పేలింది. బాలరాజ్ ఒక్కడే పోయాడు. మూడో రోజుకల్లా ఒక మాట బయల్దేరింది. తాగి వచ్చాడట, ఎవరికీ చెప్పకుండా వాల్వు తిప్పాడట. మొదట అన్నదెవరో తెలియదు గానీ చివరికి అందరి నోటా అదే. కంపెనీకి అంతకన్నా కావలసిందేముంది? సూపర్‌వైజర్ రిజిస్టరులో అదే రాశాడు. బాలరాజ్ దగ్గర పనిచేసే ఇద్దరు ఒడిశా హెల్పర్లను పేలుడు జరిగిన మర్నాడే రైలెక్కించి పంపేశారు, వాళ్ల ఫోన్లు కలవడం లేదు. మనిషి పోయిన దుఃఖం ఒకటి, పోయినవాడి మీద పడ్డ ఈ మచ్చ ఒకటి. సునందకు అన్నం సయించకుండా చేసింది రెండోదే.

బడిలో ఒక పిల్ల, "మీ నాయిన తాగి కంపెనీ పేల్చిండట గదా," అని అడిగింది. మహిత ఆ పిల్ల జుట్టు పట్టుకుంది. టీచర్లు వచ్చి విడిపించారు. మర్నాటి నుంచి ఇంక బడికి పోనని మూల కూర్చుంది.

"మీ నాయిన డ్యూటీకి తాగి పోడు బిడ్డా," అంది సునంద.

"నువ్వు సూసినవా అమ్మా?"

చూడలేదు. ఆ రోజు అతను ఇల్లు కదిలే వేళకు ఆమె ఆఫీసులో ఉంది.

"రుజువు తెస్త. కాయిదం మీద తెస్త," అంది.

"తే. తెచ్చిననాడు పోత బడికి."

పద్నాలుగేళ్ల పిల్లకు మాటిచ్చింది గానీ, ఆ కాగితం ఎక్కడి నుంచి తేవాలో సునందకు తెలియదు. పదకొండో రోజు దినాలకు మధుబాబు వచ్చేదాకా తెలియలేదు.

మధుబాబు అదే కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. బాలరాజ్ అంటే ప్రాణం, అన్నా అని వెంట తిరిగేవాడు. ప్రమాదానికి పది రోజుల ముందే వేరే ఉద్యోగం దొరికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతను చేసిన పని ఒకటుంది. రియాక్టర్ల గది గోడకు చిన్న స్క్రీనూ కీబోర్డూ బిగించి, ఆపరేటర్లు గంటగంటకూ జరిగింది రాసుకునే ప్రోగ్రాం ఒకటి పరీక్షకని పెట్టాడు. మిగతా ఆపరేటర్లు దాని జోలికి పోలేదు. బాలరాజ్ మాత్రం ఒక్క వేలితో వెతుక్కుంటూ రోజూ రాసేవాడు. పేలుడు తర్వాత ఆ స్క్రీను పీకి పారేశారు.

భోజనాలయ్యాక మధుబాబు సునందను పక్కకు పిలిచాడు. "వదినా, అన్న రాసినయి పోలే. ఆడనే ఉన్నయి."

"స్క్రీన్ పీకేసిన్రు గదా తమ్మీ?"

"స్క్రీన్ పీకిన్రు. ప్రోగ్రాం ఆడ లేదు, ఆఫీసు సర్వర్ల ఒక డబ్బాల నడుస్తున్నది. కంటైనర్ అంటం మేము. మూత పెట్టిన డబ్బా అనుకో, లోపట అది బతికే ఉన్నది. అదొకటి ఉన్నదనే తెల్వదు వాళ్లకు. అన్న ఆఖరి షిఫ్టు ఇంకా తెరిచే ఉన్నదండ్ల."

సునంద గోడకు ఆనుకుంది. "మరి ఎట్ల సూడాలె?"

"నా పాత కంప్యూటర్ల టెర్మినల్ అని నల్ల కిటికీ ఉంటది. దాన్ని తెరిచి ఆ డబ్బాకు అతికియ్యాలె. అతికినంక నీ స్క్రీనే దాని స్క్రీన్, నీ కీబోర్డే దాని కీబోర్డు. నువ్వేం కొడితే అది నేరుగా లోపల నడిచేదానికే తాకుతది. పక్క తలుపు తీసుకొని పోయే తరీక ఇంకోటి ఉన్నది గని, గట్ల పోతే డబ్బా కనపడతది, అన్న రాతలు కనపడవు. అవి ఆ ప్రోగ్రాం యాదిలనే ఉన్నయి. డిస్కు మీదికి ఎక్కియ్యలే నేను. పరీక్షకే గదా అని ఊకున్న."

ఏం కొట్టాలో చీటీ మీద రాసిచ్చాడు. జాగ్రత్తలు కూడా చెప్పాడు. అతికించిన వెంటనే ఏమీ కనిపించదు, భయపడొద్దు, ఒక మీట నొక్కితే వస్తుంది. బయటికి రావాలంటే కంట్రోల్ పట్టుకుని పి, మళ్లీ కంట్రోల్ పట్టుకుని క్యూ. అప్పుడు మనం విడిపోతాం, లోపలిది నడుస్తూనే ఉంటుంది. ఎగ్జిట్ అని మాత్రం కొట్టొద్దు.

"ఇగ అన్నవి కాపీ చేసేటప్పుడు వదినా..." అని మధుబాబు ఏదో మొదలుపెట్టాడు.

పదకొండు రోజుల్లో మొదటిసారి సునంద పెదవుల మీదికి నవ్వులాంటిది వచ్చింది. "కాపీ జేసుడు నాకు నేర్పుతవా తమ్మీ? పదమూడేండ్లు నేను జేసిన పనే అది."

మధుబాబు సిగ్గుపడి తల దించుకున్నాడు. చెప్పబోయింది చెప్పకుండా ఆపేశాడు. ఆ మాట గొంతులోంచి లాగి బయట పడేద్దామా అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. కానీ దినాల నాడు ఏడుస్తున్న మనిషి నవ్వితే, ఆ నవ్వును ఆపి పాఠం చెప్పేవాడు ఎవడుంటాడు?

సునంద మళ్లీ డ్యూటీలో చేరింది. విచారణ కాగితాలు చూస్తున్న మేనేజరు నరసరాజు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. ఆయన భీమవరం వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఉద్యోగం పోగొట్టుకునేంత మంచివాడూ కాదు.

"శనివారం సాయంత్రం నాలుగింటికి రిపోర్టు పంపించేయాలమ్మా," అన్నాడు. "మధుబాబు సిస్టం మూలనే ఉంది కదా, చూసుకో. అందులో ఏమన్నా ఉంటే ప్రింటు తీసి పట్టుకురా, జతచేస్తాను. చేత్తో రాసుకొస్తే మాత్రం కుదరదు. నువ్వే రాశావంటారు. మిషన్లో ఎలా ఉందో అలాగే కావాలి."

శనివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. సునంద అన్నం డబ్బా విప్పలేదు. మధుబాబు కుర్చీలో కూర్చుని చీటీ పక్కన పెట్టుకుంది. ఫోను దగ్గర లేదు. మంటంటుకునే సరుకుండే చోటు కాబట్టి ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టి రావాలి. నల్ల కిటికీ తెరిచి, చీటీలోని మొదటి వరస కొట్టింది. నడుస్తున్న డబ్బాల పేర్లు వచ్చాయి. వాటిలో ఒకదాని పక్కన, ఎన్నాళ్లుగా నడుస్తున్నదో చెప్పే చోట, ఐదు వారాలని ఉంది. అంటే ఆ మంగళవారం కూడా అది ఆగలేదు. సునంద కుర్చీ ముందుకు జరుపుకుంది. రెండో వరస కొట్టి ఎంటర్ నొక్కింది.

అతను చెప్పినట్టే ఏమీ కనిపించలేదు. బాణం గుర్తున్న మీట ఒకటి నొక్కింది. తెర నిండా అక్షరాలు వచ్చాయి.

ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు, బాలరాజ్ ఫోనులో మెసేజీలు పెట్టే పద్ధతే. అన్నిటికన్నా కింద ఆ మంగళవారం.

రెండుంబావు. డ్యూటీ ఎక్కిన. నాలుగో రియాక్టర్ గాలి పైపు జామ్ ఉన్నది.

మూడు. సూపర్‌వైజర్ సార్‌కు చెప్పిన. రేపు సూద్దాం, బ్యాచ్ కానియ్ అన్నడు.

నాలుగు. ప్రెషర్ పెరుగుతున్నది. మల్ల పోయి చెప్పిన. కోపం జేసిండు.

నాలుగు నలబై. మూడోసారి చెప్పిన. గప్పటిసంది ఇంటర్‌కమ్ ఫోన్ ఎత్తుతలేడు.

ఐదుంబావు. హెల్పర్లను ఇద్దర్ని బయటికి పంపిన. పోమంటే పోతలేరు, తిట్టి పంపిన. స్టీమ్ బంద్ జెయ్యనీకి నేను పోతున్న.

దాని కింద కర్సరు ఆడుతూ ఉంది. తర్వాతి వరస కోసం అది ఆ సాయంత్రం నుంచి అలాగే ఎదురుచూస్తోంది.

సునంద నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపులో సంతోషం కూడా ఉంది, అబద్ధమెందుకు? తాగలేదు. ఎవరికీ చెప్పకుండా చేయలేదు. మూడుసార్లు చెప్పాడు, ఇద్దరిని బతికించాడు. లేచి పరుగెత్తి, భోజనాల గదిలో ఉన్న నరసరాజును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించి ఉంటే సరిపోయేది. అటెండరును ఒక్క కేక వేసినా సరిపోయేది. కానీ ఆమెకు అప్పుడు ఇంకొకటి కావాలనిపించింది. అతను రాసినవన్నీ కావాలి. ఒక్క మంగళవారం కాదు, మొదటి రోజు నుంచి.

పేజీలు వెనక్కి తిప్పుతూ పోయింది. సోమవారాలు, శుక్రవారాలు, వాన పడ్డ రోజు, కరెంటు పోయిన రోజు. చిట్టచివరికి మొదటి పేజీ. మధుబాబు నేర్పించిన పూట అతను కొట్టిన మొట్టమొదటి వరసలు అవి.

నా పేరు బాలరాజ్. చిట్కుల్. ఇది నేనే కొట్టిన. మా సునంద అయితే గింతసేపట్ల పుస్తకం కొడుతది.

ఆ వరస ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో అతను ఆమెను ఎదురుగా ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. గోడకున్న మిషనుకు చెప్పుకున్నాడు, మహానుభావుడు.

మొదటి పేజీ నుంచి వరసగా ఎత్తుకుందామనుకుంది. తెర మీదే పక్కన కొత్త పేజీ తెరిచి పెట్టుకుంది. మౌసుతో ఆ వరసలు పైనుంచి కిందికి గుర్తుపెట్టింది. కళ్లు తుడుచుకుంది. ఎడమచేయి తనంతట తానే వెళ్లింది, చిటికెన వేలు కంట్రోల్ మీద, చూపుడు వేలు సి మీద.

తెర నల్లబడింది.

ఒక్క అక్షరం లేదు. మూలన ఖాళీ వరస ఒకటి, దానిలో కర్సరు. మీట తప్పు నొక్కానేమో అనుకుంది. బాణం నొక్కింది, ఎంటర్ నొక్కింది. చీటీ చూసి మొదటి వరస మళ్లీ కొట్టింది. డబ్బాల పేర్లు వచ్చాయి, వాటిలో అది లేదు. అతికించే వరస కొట్టింది. ఆ పేరుతో ఏదీ లేదని వచ్చింది. తొమ్మిదిసార్లు కొట్టింది. తొమ్మిదిసార్లూ అదే.

ఆఫీసు ఫోనులోంచి మధుబాబుకు చేసింది. జరిగింది చెప్పింది.

"వదినా, కంట్రోల్ పట్టి సి కొట్టినవా?"

"కాపీ జేసిన తమ్మీ. గంతే. వేరే ఏం ముట్టలే."

"ఆ నల్ల కిటికీల అది కాపీ కాదు వదినా. నడిచేదాన్ని బంద్ చేసుడు. నువ్వు అతికి ఉన్నవు గదా, నేరుగా దానికే తాకింది." చెబుతూనే అతను ఏడ్చేశాడు. "ఆగిపోతే దాన్నంతా తుడిచెయ్యమని పెట్టింది కూడా నేనే, జాగ ఖరాబ్ గావొద్దని. కాపీకి మౌసుది కుడి బటన్ నొక్కాలె. చెప్దామనే అనుకున్న ఆనాడు..."

"నేనే చెప్పనియ్యలే," అంది సునంద.

"మల్ల తేలేమా?" అని ఆమె అడగలేదు. అతని ఏడుపులోనే జవాబు ఉంది. అయినా ఫోను పెట్టేయబుద్ధి కాక చాలాసేపు చెవికి ఆనించుకునే ఉంది.

మూడున్నరకు నరసరాజు గదిలోకి వెళ్లి, తాను చదివిందంతా గంటలతో సహా ఒప్పజెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పింది నిజమనే అనుకుంటున్నానమ్మా. బాలరాజ్ అలాంటివాడే. కానీ నేననుకున్నది రిపోర్టులో రాయలేను కదా."

"ఒక్క మాట రాయుండ్రి సార్. తాగలేదని."

"దేన్ని చూసి రాశావంటే ఏం చెప్పనమ్మా?"

ఆమె దగ్గర ఏమీ లేదు. నాలుగింటికి రిపోర్టు వెళ్లిపోయింది, ఆపరేటర్ నిర్లక్ష్యం అన్న మాటతోనే.

కంపెనీ బస్సులో కూర్చున్నప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తాను టైపిస్టు. ఆ అక్షరాలు, ఆ వరసలు, ఆ గంటలు అచ్చం అలాగే కొట్టి ప్రింటు తీయగలదు. మహితకు తేడా తెలియదు. అందులో ఒక్క మాట అబద్ధం కూడా ఉండదు. ఇస్నాపూర్ చౌరస్తా దాకా అదే ఆలోచన. దిగేటప్పటికి వద్దనుకుంది. ఎవరైనా దాన్ని దొంగకాగితమని పట్టుకుంటే, అతను నిజంగా రాసింది కూడా దొంగదే అయిపోతుంది. ఇప్పటికి చేసింది చాలు.

ఇంటికి వచ్చేసరికి ఆగమ్మ గడపలో, మహిత లోపల మంచం మీద ఉన్నారు. సునంద చెప్పులు కూడా విప్పకుండా అక్కడే కూలబడి, చదివిందంతా చెప్పింది. గాలి పైపు జామ్ అయిన సంగతి, మూడుసార్లు చెప్పిన సంగతి, హెల్పర్లను తిట్టి పంపిన సంగతి. ఆగమ్మ మధ్యలోనే బావురుమంది.

"నా కొడుకు గట్లనే జేస్తడు. నాకెరుక. నాకెరుక బిడ్డా," అని గుండెలు బాదుకుంది. ఆమెకు చదువు రాదు. కాగితం తెచ్చినా ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. కోడలి నోట విన్నదే ఆమెకు చాలు.

మహిత ఏడవలేదు. అంతా శ్రద్ధగా విన్నది.

"కాయిదం?"

"అదే చెప్తున్న బిడ్డా. కాపీ చెయ్యబోతే పోయింది. నా చేతులతోనే పోయింది."

"నువ్వా? కాపీ చెయ్యబోతే?"

"అవు."

"ఇంకెవరన్న సూసిన్రా?"

"ఎవ్వరు సూడలే. నేనొక్కదాన్నే సూసిన. మొదటి పేజీల నా పేరు గూడ రాసిండు మీ నాయిన. మా సునంద అయితే..." ఏడుపు వచ్చి ఆ మాట పూర్తి కాలేదు.

మహిత తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. పదమూడేళ్లు కాపీలు చేసి బతికిన మనిషికి, సరిగ్గా ఈ ఒక్కటి చేసేటప్పుడు చెయ్యి తప్పిందట. చూసినవాళ్లు ఎవరూ లేరట. ఆ పిల్ల అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేసింది. లేచి వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఆమె చెంపలు రెండూ తన చున్నీతో తుడిచింది.

"నమ్ముతున్న అమ్మా," అంది మెల్లగా. "మస్తు మంచిగ చెప్పినవ్. సోమవారం నుంచి బడికి పోత. నువ్వు ఇగ నాకోసం పరేషాన్ గాకు."

సునంద కూతురి చెయ్యి పట్టుకుంది. ఒట్టు వేద్దామనుకుంది, మళ్లీ మొదటి నుంచి చెబుదామనుకుంది. మహిత తల్లి భుజం మీద నెమ్మదిగా తడుతూ, "సరే అమ్మా, సరే," అంటూనే ఉంది. ఆ తట్టడంలో ఎంత ప్రేమ ఉందో అంత అపనమ్మకమూ ఉంది. సునందకు రెండూ తెలిశాయి.